కాగితం అందుకున్న మనిషి

అమెరికాలో, ఎడిసన్‌లో ఒక లాయరాఫీసు. ఫైలు ముందేసుకుని, అక్కడ పనిచేసే వేద. ఎదురుగా తేజేశ్వర్, అతని భార్య నమ్రత.

"ఇంటి లోన్ కట్టలేదని బ్యాంక్ కేసు వేస్తే, ముప్ఫై అయిదు రోజుల్లో కోర్టుకి ఆన్సర్ ఫైల్ చేయాలి తేజేశ్వర్‌గారూ. మీరు చేయలేదు. జవాబు రాలేదని డిఫాల్ట్ అయింది, బ్యాంక్ వైపు జడ్జిమెంటూ వచ్చేసింది. వచ్చే నెల పన్నెండున ఇల్లు వేలం."

"బ్యాంక్‌కి ఫోన్ చేస్తూనే ఉన్నాను కదా వేదగారూ! లేఆఫ్ అయింది, మళ్లీ జాబ్ వచ్చింది, కొంచెం టైమివ్వమన్నాను. రివ్యూలో ఉందన్నారు. ఎప్పుడడిగినా రివ్యూలో ఉంది, రివ్యూలో ఉంది..."

"బ్యాంక్‌తో మాట్లాడటం వేరండీ, కోర్టుకి జవాబివ్వడం వేరు."

"అది నాకెవరు చెప్పారు?"

"సమన్స్ మొదటి పేజీలోనే ఉంది."

"బ్యాంక్ ఉత్తరమే అనుకుని మిగతావాటితో పడేశాను. ఇంకేం దారి లేదా?"

"ఒక్కటుంది. సమన్స్ సరిగ్గా అందలేదని చూపిస్తే, జడ్జిమెంట్ కొట్టేయమని అడగొచ్చు. మీ చేతికివ్వాలి, లేకపోతే మీతో అదే ఇంట్లో ఉంటున్న మనిషికివ్వాలి. పోయిన అక్టోబర్ మూడున ఎవరు తీసుకున్నారు?"

"నేనే."

"నమ్రతా, నువ్వాగు."

"ఆవిడ అడుగుతున్నారుగా తేజా. నేనేనండీ. చలికోట్లు తెచ్చుకుందామని వెళ్తే గుమ్మంలో..."

"నమ్రతా!"

"లోన్‌లో మీ పేరుందా నమ్రతగారూ?"

"లేదండీ. అప్పట్లో నాకు జాబ్ లేదు."

"అయినా లాభం లేదు. మీకిచ్చినా ఆయనకిచ్చినట్టే. భార్య, అదే ఇల్లు... ఆగండాగండి. మీ ఇంట్లోంచి కోట్లు తెచ్చుకోవడమేంటి?"

"ఏం లేదండీ. వేరే దారి చెప్పండి."

"దాచి ఏం చేద్దాం తేజా? పోయిన ఆగస్టు నుంచి నేను అక్కడ ఉండట్లేదు వేదగారూ. పాపా నేనూ ఐసెలిన్‌లో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. లీజుంది."

"అయ్యో! మన తెలుగువాళ్ల దీపావళి పార్టీకి జంటగా వచ్చారు కదండీ!"

"ఈయన బతిమాలితే వచ్చాను."

"మరింకేం, బతికిపోయాం! అంటే... సారీ అండీ. ఆ లీజు జతచేసి, సమన్స్ ఇచ్చిన రోజుకి నమ్రతగారు ఆ ఇంట్లో ఉండట్లేదని ఇద్దరూ ప్రమాణపత్రం మీద సంతకం చేయండి. వేలం ఆగొచ్చు."

"ఎవరైనా చూస్తారా అది?"

"కోర్టు రికార్డు కదండీ. కావాలంటే చూడొచ్చు."

"అయితే నేను పెట్టను."

"పిచ్చా తేజా? ఇల్లు పోతుంది."

"పోనీ! ఊరందరికీ నీకు డాలస్‌లో ప్రాజెక్టని చెప్పుకుంటూ వస్తున్నాను. నువ్వు లేవని నా చేత్తో నేనెలా రాయను?"

"నా మాట విను. సంతకం పెట్టు."

"పెడతాను. ఒక్కటి చెప్పు. ఇల్లు నిలబడితే వస్తావా?"

"ముందు సంతకం పెట్టు తేజా."

"నమ్రతా, వస్తావా?"

"వేదగారూ, ఇప్పటికీ అక్కడ ఉండట్లేదని కూడా రాయండి."