గుర్తులేదన్న డ్రైవరు

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షులు, మా యజమాని, లారీ ఓనర్ల సంఘం పెద్ద అయిన కుమారస్వామి గారికి, వేదిక మీద కుర్చీలు దొరికిన పెద్దలకు, దొరకక గోడకు ఆనుకుని నిలబడ్డ నా తోటి డ్రైవర్లకు, ఆటోనగర్ మెకానిక్ సోదరులకు, మొదటి వరుసలో కూర్చుని "జర జల్దీ ముగియ్యి" అని కళ్లతోనే చెబుతున్న నా భార్య ఏసమ్మకు ఈ జయరాజు నమస్కారాలు. (నవ్వులు)

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు డ్రైవరు దేశానికి వెన్నెముక అన్నారు. చాలా సంతోషం. నా సొంత వెన్నెముకకు మాత్రం మొన్ననే దవాఖానలో ఫొటో తీశారు. కింది రెండు పూసలు అరిగిపోయాయని డాక్టరమ్మ చెప్పింది. వీలైతే దేశానిది కూడా ఒకసారి తీయించి చూడటం మంచిది. (నవ్వులు, చప్పట్లు)

రేపటినుంచి నా లారీ నడపబోయే హమ్మాద్ అదిగో, ఆ తలుపు దగ్గర ఫోన్ పట్టుకుని నన్ను వీడియో తీస్తున్నాడు. మెకానిక్ బాబా మియా కొడుకు. పొద్దున నన్ను అడిగాడు, "కాకా, నువ్వు డ్రైవర్ ఎందుకైనవ్?" అని. ముప్పై ఎనిమిదేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న. జవాబు ఇక్కడే చెబుతాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్ పక్కన చిన్న ఊరు. మా నాయన పటేలు దగ్గర కూలికి పోయేవాడు. ఆ వాకిట్లో మా నాయన కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మిర్చి బస్తాలు ఎత్తుకుపోవడానికి లారీ వచ్చింది. దాంట్లోంచి డ్రైవరు దిగాడు. నల్లగా, సన్నగా, అచ్చం మా నాయనలాగే ఉన్నాడు. పటేలు ఎదురుపోయి, "రాండ్రి డ్రైవర్ సాబ్, కూసోండ్రి" అంటూ తన చేతులతోనే మంచం వాల్చాడు. లోపలికి కేకేసి చాయ్ తెప్పించాడు. పైన మబ్బు పట్టి ఉందని, వాన పడేలోపు సరుకు గోదాముకు చేరకపోతే పటేలు కొంప మునుగుతుందని, ఆ మర్యాదంతా మబ్బుకు జరిగిందేగాని మనిషికి కాదని నాకప్పుడు ఏం తెలుసు? మా నాయన బస్తా మోస్తూ ఆ మంచం పక్కనుంచే నాలుగుసార్లు పోయాడు.

"నేను డ్రైవరైత నాయినా" అన్నాను.

"ఎందుకు బిడ్డా?"

"మంచమేస్తరు."

మా నాయన నా తల మీద చెయ్యి పెట్టి, మళ్లీ బస్తా ఎత్తుకున్నాడు.

అయ్యా, అలా నేను మంచం కోసం డ్రైవరునయ్యాను. ఈ ముప్పై ఎనిమిదేళ్లలో మిల్లుల దగ్గర, మార్కెట్ యార్డుల దగ్గర, గోదాముల దగ్గర నాకు ఎవరైనా మంచం వేశారా అంటే, లేదు. అసలు నన్ను మనిషి పేరుతో పిలిచిన గేటే లేదు. "ఏయ్ లారీ! ఎన్కకు తియ్!" అనేవారు. నేను కూడా లారీ అంటే పలకడం అలవాటు చేసుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఏసమ్మ "ఏమయ్యా" అని పిలిస్తే ఎవరినో అనుకుని పక్కకు చూశాను. (నవ్వులు) మిల్లు లోపలికి లారీ పోవచ్చు, బస్తాలు పోవచ్చు, తూకం వేసే బాబు కుక్కపిల్ల పోవచ్చు, డ్రైవరు మాత్రం అక్కడి బాత్‌రూముకు పోరాదు. వెన్నెముకకు బాత్‌రూముతో పనేమిటని వాళ్ల ఉద్దేశం కావచ్చు.

పెళ్లిచూపుల్లో మా మామ గొప్పగా చెప్పాడట, "పిలగాడు దేశమంత తిరుగుతడు, బిడ్డకు దేశం సూపిస్తడు" అని. ఏసమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. ఆగ్రాకు పదకొండుసార్లు పోయాను. తాజ్‌మహల్ చూడలేదు. ఆ దారిలో లారీలకు ప్రవేశం లేదు. ఆగ్రా ఎట్లా ఉంటుందని మా బిడ్డ ప్రీతి చిన్నప్పుడు అడిగితే, పెద్ద కోల్డ్ స్టోరేజీ ఉంటుందనీ, దాని ముందు బురద ఉంటుందనీ చెప్పాను. అదే ప్రీతి పుట్టిన రోజున నేను నాగపూర్‌లో పత్తి దింపడానికి వరుసలో ఉన్నాను. ఐదో రోజు ఇంటికొచ్చేసరికి పేరు కూడా పెట్టేశారు.

ఇవన్నీ నవ్వుకునే మాటలు. ఇప్పుడు చెప్పబోయేది నవ్వే మాట కాదు. ఏసమ్మా, నువ్వు తల అడ్డంగా ఊపకు. ఇక్కడ చెప్పబోతున్నానని ఇంటి దగ్గర నీకు ఒక్క మాటా చెప్పకుండా వచ్చాను.

తొమ్మిదేళ్ల కిందట, కేసముద్రంలో మక్కజొన్న బస్తాలు ఎత్తుకుని నర్సంపేట దిక్కు పోవాలి. బ్రేకు తొక్కితే పెడలు అడుగుదాకా పోతోంది. బండిని బాబా మియా షెడ్డుకు తీసుకుపోయాను. బాబా భాయ్ కిందికి దూరి చూసి, నా ముందే మా సేటుకు ఫోన్ చేశాడు. "సారు, బ్రేకు లైనర్లు అరిగినయ్, గాలి కారుతాంది. ఈ బండి రోడ్డెక్కద్దు" అన్నాడు. కుమారస్వామి గారు నాతో మాట్లాడారు. "ఈ ఒక్క ట్రిప్పు కొట్టుకరా జయరాజూ. ఫికర్ జెయ్యకు. వచ్చినంక జూద్దాం" అన్నారు. సారు, మీరు నీళ్లు తాగండి, ఇంకా ఉంది. (కొందరి నవ్వు)

మర్నాడు పొద్దున బడి వేళకు ఒక ఊరి మలుపు తిరిగాను. ఎదురుగా పిల్లలు రోడ్డు దాటుతున్నారు. పదిమందో, పన్నెండుమందో. బ్రేకు తొక్కాను. లేదు. గేరు దించాను, హారన్ మీద చెయ్యి వేశాను, స్టీరింగు ఎడమకు తిప్పాను. బండి గట్టు దూకి వరి మడిలో పక్కకు పడుకుంది. పిల్లలకు ఏమీ కాలేదు. దేవుడికి స్తోత్రం. నేను కిటికీలోంచి పాకి బయటపడేసరికి రెండు జడల పిల్ల ఒకతె బురదలో నిలబడి, "తాతా, దెబ్బ తాకిందా?" అని అడిగింది. మా సేటు రెండు గంటలకు వచ్చి మొదట అడిగిన మాట, "మక్కలు తడిసినయా?" అని. నేను తప్పు పట్టను. ఎవరి దృష్టి వారిది.

పేపర్లో 'డ్రైవర్ నిర్లక్ష్యం' అని రాశారు. ఠాణాకు పిలిచారు. బండి బ్రేకులు బాగున్నాయని మా సేటు చెప్పారు. ఎవరూ పిలవకుండానే బాబా మియా వచ్చాడు. చేతులకు గ్రీజు అట్లాగే ఉంది. "నేనే జూసిన సార్. బ్రేకు లేదు. నేను చెప్పిన, వీళ్లు ఇనలే" అన్నాడు. ఎస్సై నా వైపు తిరిగాడు. "నిజమేనా జయరాజూ?"



"గుర్తులేదు సార్" అన్నాను.

ప్రీతి అప్పుడు నర్సింగ్ మొదటి సంవత్సరం. ఉద్యోగం పోతే ఎట్లా అనుకున్నాను. అది కారణమే కావచ్చు, సాకూ కావచ్చు. బాబా భాయ్ నన్ను ఒక్కసారి చూసి, బయటికి పోయి చెప్పులు తొడుక్కున్నాడు. ఆ నెలలోనే మా సేటు లారీలు పద్నాలుగూ ఆయన షెడ్డుకు పోవడం ఆగిపోయింది. నా లైసెన్సు కొన్నాళ్లు ఆపి మళ్లీ ఇచ్చారు. మా సేటు నన్ను పనిలోంచి తీయలేదు. నమ్మకస్తుడన్నారు. ఇందాక ఈ శాలువా కప్పేటప్పుడు కూడా అదే మాట అన్నారు. నేను నమ్మకస్తుణ్నెట్లా అయ్యానో మీకిప్పుడు తెలిసింది.

ఆ రోజు బ్రేకు లేదు. బాబా మియా చెప్పింది నిజం. నాకు గుర్తుంది. అన్ని రోజులూ గుర్తుంది.



ఇక ఇవాళ్టి సంగతి. నిన్న నా చివరి ట్రిప్పులో బ్రేకు మళ్లీ కిందికి పోతోంది. మా సేటుకు చెప్పాను. "సన్మానం కానియ్యి, తర్వాత జూద్దాం" అన్నారు. రేపు పొద్దున్నే హమ్మాద్ అదే బండి ఎక్కాలి. హమ్మాద్, ఫోన్ కిందికి దించు బిడ్డా. నాకు మంచం కనబడ్డట్టు నీకు ఆ రీల్స్‌లో రంగు లైట్ల క్యాబిన్, పాటలు, కొండల దారి కనబడుతున్నాయి. మీ నాయన వద్దన్నా వచ్చావు. నేను వద్దనను. స్టీరింగు పట్టుకుని పొద్దు పొడిచేవేళ ఖాళీ రోడ్డు మీద పోతుంటే ఉండే సంతోషం నాకు తెలుసు. అది అబద్ధం కాదు. కానీ ఆ బండి ఎక్కకు.

కార్యక్రమంలో తర్వాతి అంశం, నేను కుమారస్వామి గారి సమక్షంలో నీకు బండి తాళంచెవి అందజేయడం. అందజేయను. సారు, మీరు పెద్దలు. మైకు మీ ముందుకు జరుపుతున్నాను. బండి షెడ్డుకు ఎప్పుడు పోతుందో చెప్పండి.

(అధ్యక్షులు: "గిదేంది జయరాజూ, గిక్కడనా? పంపిస్త తియ్యి.")

ఎప్పుడు సారు?

(అధ్యక్షులు: "రేపు.")

ఏ షెడ్డుకు?

(అధ్యక్షులు మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. గోడ దగ్గర్నుంచి ఒకరిద్దరు డ్రైవర్లు: "చెప్పుండ్రి సారు!" అధ్యక్షులు: "బాబా మియా దగ్గరికే... తీస్కపొమ్మను." చప్పట్లు)

సంతోషం సారు. మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఎండను లెక్కచేయకుండా వచ్చిన మీ అందరికీ, ఏసమ్మకు, ప్రీతికి కృతజ్ఞతలు. అన్నాలు చల్లారుతున్నాయి, ఇంక ఆపను.

బాబా భాయ్ చివరి వరుసలో తల దించుకుని కూర్చున్నాడు. పైకి పిలిస్తే రాడని తెలుసు. తాళంచెవి తీసుకుని నేనే ఆయన దగ్గరికి దిగిపోతున్నాను. తొమ్మిదేళ్ల కిందే పోవలసింది. సెలవు.