నలభై అడుగుల రోడ్డు

బందరు శివారు కాలనీ పార్కులో, పన్నెండేళ్ళు తాను నీళ్ళు పోసి పెంచిన, నిన్న బిల్డరు నరికించిన పొన్నచెట్టు మొద్దు మీద రిటైరైన టీచరు కూర్చుని ఉంది. ఆ బిల్డరే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పార్కులోంచి రోడ్డు పడనివ్వండి టీచరు గారూ. అడ్డుపడకండి."

"అడ్డమెందుకండీ? రోడ్డు కావాలని నేనే అర్జీ పెట్టాను."

"చల్లటి మాట చెప్పారు."

"పాత లేఅవుట్ ప్లానులో నలభై అడుగుల రోడ్డు ఉండనే ఉంది. పార్కు జోలికి రానక్కర్లేదు."

"ఎక్కడుందండీ?"

"మీ ఇంటి కింద. సర్వేయరు ఇందాకే మీ పోర్టికోలో రాయి పాతి వెళ్ళాడు."

"అది నేను కట్టుకున్న ఇల్లండీ."

ఆమె మొద్దు మీది రంపపు పొట్టును మెల్లగా దులిపింది.

"అభివృద్ధి కోసం ఎవరో ఒకరు వదులుకోవాలని నిన్న ఇక్కడే నిలబడి నాకు చెప్పారు. ఆ ఒకరు మీరేనండీ."