చీర చాటున

శ్రీకాకుళంలో బట్టల కొట్టు కట్టేశాక సేల్స్‌లో పనిచేసే ఇద్దరాడవాళ్లు పొందూరు బస్సెక్కారు. కడుపుతో ఉందని తీసేసిన చిన్నామెను ఓనరు ఆ రోజే మళ్లీ పనిలోకి పిలిచాడు. పెద్దామె ఆమెనే కన్నార్పకుండా చూస్తోంది.

“లేబరాఫీసుకి ఒక్కదానివే ఎల్లిపోనావా? ఏం గుండే నీది!”

“కడుపుతో ఉంటే తీసీకూడదని సట్టమున్నాది పిన్నీ. ఓనర్ని పిలిసి అదే సెప్పినారు.”

“మరి నా కడుపప్పుడు లేదేటి?”

“అప్పుడూ ఉన్నాది.”



“తీసెత్తాడని బయమేసి, బేరాలకి సూపించడానికి బుజానేసుకున్న సీర నెలలు నిండీదాకా దించలేదే నేను. కడుపు కనపడకుండా.”

“నేను దాయను పిన్నీ.”

“దాయకు. రేపు ఓనరు కౌంటరు ముందు కుర్సీ ఏసుకుని కూకో. సీరలు నేను సూపిత్తాను. నీ కడుపు ఆడు రోజూ సూడాల.”