తాకత్ సూది

ఎల్లారెడ్డిలో స్నిగ్ధ పుట్టిల్లు. కామారెడ్డి నుంచి బస్సులో వచ్చిన అత్త మంగవ్వ గడప దాటి కూర్చుంది. నెత్తి మీది కొంగు తీయలేదు.

“నన్ను తోల్కపోనీకి వస్తే మాత్రం నేను రాను అత్తమ్మా. ముందే చెప్తున్న.”

“మంచినీళ్లన్న తాగనీయ్ బిడ్డా.”

“తాగు. నీ కొడుకు పంపిండా?”

“వాడెందుకు పంపుతడు. నీ చెయ్యి ఎట్లుంది?”

“కట్టు విప్పిన్రు. గిన్నె లేపితే ఇంకా గుంజుతది.”

“మహేందర్ అసొంటోడు కాదే. ఇంట్ల కోడిని కోస్తే బయటికి ఉరికేటోడు.”

“నాకు ఎరుకలేదా? కూరల ఉప్పెక్కువైనా నవ్వుకుంట తినేటోడు. పోలీసు సెలక్షన్ల చాతి కొలత తక్కువొచ్చిందని జిమ్ముకు పోయిండు చూడు, గప్పటి సంది...”

“కండలు రానీకి తాకత్ సూదులు ఏసుకొమ్మని జిమ్మోడన్నడట. నాకేం ఎరుక.”

“ఏసింది ఎవలు అత్తమ్మా?”

“ఎండ బాగుంది ఇయ్యాల.”

“ఎవలేసిన్రు?”

“మీ మామ ఉన్నప్పుడు షుగర్ సూది నేనే ఏస్తుంటి గద. ‘ఎనకకు నాకు చెయ్యందదవ్వా, నీ చెయ్యి అల్కగుంటది’ అన్నడు. పోలీసైతడు గదా అని ఏసిన.”

“ఏసి, ఎంటనే దిష్టి తీస్తుంటివి.”

“వాని కండలు చూసి వాడకట్టంత ముచ్చట వెట్టిరి. ఎవలి దిష్టి తాకుతదో అని నాకు బుగులైతుండె.”

“వాడు నన్ను తలుపుకేసి కొట్టిననాడు గూడ దిష్టే అంటివి. నేను చెయ్యి వట్టుకొని ఏడుస్తుంటే, వాని సుట్టు మిరపకాయలు తిప్పుతుంటివి.”

“తప్పే బిడ్డా. ఎవలి కండ్లో పడ్డయనుకున్న. అవి స్టెరాయిడ్ సూదులంట, కొందరికి గట్ల కోపం ఎక్కిస్తయంట. మొన్న దవాఖానల డాక్టరమ్మ చెప్పింది.”

“వాడు దవాఖానకు వచ్చిండా?”

“వాడు రాలే.”

“మరి ఎవలు పోయిన్రు?”

“నేనే పోయిన.”

“నీకేమైంది?”

“ఏం గాలే. ఇగ సూది ఏయనని వానితోని అన్న. గంతే.”

“అత్తమ్మా, ఇటు తిరుగు. కొంగు తియ్యి.”

“వద్దు బిడ్డా.”

“తియ్యి... అయ్యో. కుట్లు గూడ పడ్డయా? కన్నతల్లిని...”

“తెల్లారి ఏం గానట్టే ‘అన్నం పెట్టవ్వా’ అన్నడు. పెట్టిన.”

“గిట్ల జేసినోని ఇంటికి మల్ల నన్ను రమ్మంటవా? ఏ మొకం పెట్టుకొని వచ్చినవు?”

“నిన్ను రమ్మంటలేను బిడ్డా. నన్ను ఉంచుకుంటవా అని అడగనీకి వచ్చిన.”