ఆ ఊళ్లో చూడాల్సినవి

అద్దం ముందు కుర్చీలో కూర్చున్నది, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఆవిడ. ఆమె వెనక, గిన్నెలో జుట్టురంగు కలిపి బ్రష్షు పట్టుకున్నావిడ ఆ పార్లర్ యజమానురాలు, ఆమెకి ప్రాణ స్నేహితురాలు.

"గోపురమా? అస్సలు ఎక్కకు."

"అదేంటే కత్తెరా! విదేశాల నుంచి ఆ ఊరు వెళ్లినవాళ్లంతా ముందు దాన్నే ఎక్కుతారట కదా?"

"అందుకే వద్దంటున్నా. వరసలో నిలబడీ నిలబడీ కాళ్లు పీక్కుపోయాక, పైకెక్కి ఏం చూస్తావు? ఇళ్ల పైకప్పులు. వాటి కోసం విమానం ఎక్కాలా? మా మేడ మీదికి రా, బట్టలు కూడా ఆరేసి పోవచ్చు."

"మరి రాజభవనం?"

"దుమ్ము కొట్టుకుపోయిన పరుపులు. ఎప్పుడో పోయిన రాజుగారు ఏ మంచం మీద పడుకుంటే మనకెందుకే? తల దించు."

"మ్యూజియం?"

"ఒక్క పటం ముందు వంద తలకాయలు. పటం కనపడదు, తలకాయల వెనకభాగాలు కనపడతాయి. అవి నేను రోజూ ఇక్కడే చూస్తున్నా."

"పోనీ, నదిలో పడవ?"

"ఎక్కు. ఎక్కి జలుబు తెచ్చుకో. మైకు పెట్టి చెవులు తూట్లు పడేలా వాగుతారు. కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి! మెడ పట్టేయడం తప్ప ఒక్క ముక్క బుర్రకెక్కదు."

"అబ్బబ్బ! ఆరేళ్లు కాపురం చేసిన ఊరు కదా, నాలుగు మంచి మాటలు చెబుతావని అడిగితే అన్నీ వద్దే! నాకున్నది వారం. ఆ వారంలో నేనక్కడ బతకగలనో లేదో తేల్చుకోవాలి. తేల్చుకుని ఆయనకి అవునో కాదో చెప్పి రావాలి. ఒంటరిగా ఉండీ ఉండీ విసుగెత్తిపోయిందే నాకు."

"తెలుసులే. ఈ వయసులో పెళ్లికూతురే విమానమెక్కి పెళ్లిచూపులకి పోతోంది. ఆ మహానుభావుడు మాత్రం కాలు కదపడు. ఇంతకీ ఎవరే ఆయన? ఎన్నాళ్లుగా అడుగుతున్నా నోరు విప్పవు."

"చెప్తాలే. ముందు నువ్వు చెప్పు. అప్పట్లో నువ్వూ మీ ఆయనా ఎక్కడెక్కడ తిరిగేవాళ్లు?"

"మేమా?"

"మీరే. సెలవురోజున గోడలు చూస్తూ కూర్చోలేదు కదా?"

"ఎందుకు కూర్చుంటాం? తిరిగేవాళ్లం. బోలెడు తిరిగేవాళ్లం."

"అదే, ఎక్కడ?"

"రైలు వంతెన కింద ఒక కాఫీ కొట్టుంది. పైన రైలు పోతుంటే కప్పులన్నీ గలగలలాడతాయి. గోడవార బల్ల మాది. మేం వెళ్లేసరికి ఖాళీగా ఉంచేవాళ్లు."

"రైలు వంతెన కింద. సరే. ఇంకా?"

"మా వీధి మలుపులో, డబ్బులేసి మెషిన్లో బట్టలుతుక్కునే కొట్టు. చలికాలం మా గది మంచుగడ్డలా ఉండేది. ఆ మెషిన్ల దగ్గరేమో వెచ్చగా ఉండేది. ఉతికిన దుప్పటే మళ్లీ ఉతుకుతూ కూర్చునేవాళ్లం."

"ఇద్దరూనా?"

"లేదు, ఊరందరం! ఏం ప్రశ్నలే అవి? చెవి వంచు, రంగంటుతుంది."

"ఇంకా?"

"ట్రామ్ ఆఖరి స్టాపు. దిగితే ఏమీ ఉండదు, ఒక గుట్ట, గుట్ట మీద ఒక బెంచీ. ఊరంతా కాళ్ల కిందుంటుంది. చూడాలనుంటే అది చూడు. సాయంత్రం కిటికీల్లో ఒక్కో దీపం వెలుగుతుంటే, అక్కడే ఉండిపోవాలనిపిస్తుంది."

"ఆఖరి స్టాపు. గుట్ట. ఇంకేమైనా వదిలేశావా? బాగా గుర్తు తెచ్చుకో."

"పోలీసువాడిలా కూపీ లాగుతున్నావేంటే? ఇంక చాలు. ఇప్పుడు నా వంతు. ఆయనేం చేస్తాడు?"

"ఉద్యోగమే."

"ఏం ఉద్యోగం?"

"తిప్పే ఉద్యోగం."

"టాక్సీయా?"

"టాక్సీ కాదు. మనుషుల్ని తిప్పుతాడు. బయట నుంచి వచ్చినవాళ్లకి ఊరు... చూపిస్తాడు."

"గైడా?"

"ఆ."

"గైడే?"

"గైడేనే. రంగు... మెడ మీదికి కారుతోంది."

"కారనీ. ఎండ కాస్తున్నా ఎర్రగొడుగు పైకెత్తి పట్టుకుని ముందు నడుస్తాడా?"

"నడుస్తాడట."

"వంతెన మధ్యలో ఆగి, కళ్లు మూసుకోండి, నది మీతో మాట్లాడుతుంది, అంటాడా?"

"అది... అది నాకు ఫోన్లో చెప్పాడే. నాకొక్కదానికే చెప్పాడనుకున్నా."

"నీకూ, బస్సు దిగిన ప్రతి ముసలమ్మకీ! అద్దం ముందు నిలబడి బట్టీ పట్టేవాడు. ఎడం భుజం కాస్త వంగి ఉంటుందా?"

"పోయినేడు వాళ్లన్నయ్యని చూడ్డానికి వచ్చి, ఆ భుజం నొప్పికే మా ఆసుపత్రికొచ్చాడు. ఎక్స్‌రే తీసింది నేనే."

"ఓసి నీ దుంప తెగ! నా మొగుడే!"

"విడిపోయి పదేళ్లయిందే."

"నువ్వు లెక్క చెప్పకు నాకు! నా కుర్చీలో కూర్చుని, తెల్లజుట్టుకి నా చేతే రంగేయించుకుని, నా మొగుడి దగ్గరికి పోతున్నావా? ఎంత గుండెలు తీసిన బంటువే! లే. లేచి పో."

"సగం తలతోనా?"

"కూర్చో! కదిలావంటే గుండు కొట్టేస్తా."

"నేనేం తెలిసి చేయలేదే. నువ్వెప్పుడూ ఆయన పేరెత్తవు, నాకేం తెలుసు? నీ మొగుడినని తర్వాత ఆయనే చెప్పాడు. అప్పటికే నాకు ఇష్టమైపోయింది. ఎన్నిసార్లు ఈ కుర్చీలో కూర్చుని చెప్పాలనుకున్నానో! నోరు పెగల్లేదు. నువ్వు వద్దను, వెళ్లను. ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పేస్తా."

"నేనెవర్తిని వద్దనడానికి? పోతే పో. కానీ ఆ చోట్లన్నీ నా నోట్లోంచి ఎందుకు లాగావే? నా బల్ల దగ్గర, నా బెంచీ మీద కూర్చుని ఇద్దరూ నవ్వుకోవడానికా?"

"ఛీ! అది కాదే! మీరిద్దరూ తిరిగిన చోట నేను అడుగు పెట్టకూడదని. ఆయన తీసుకెళ్తానన్నా వద్దనాలని. మొగుడు ఎటూ లేకుండాపోయాడు, ఆ చోట్లయినా నీకే మిగలాలని అడిగాను. ఒట్టు!"

"ఏమన్నాడు నా గురించి?"

"వదిలేయవే."

"చెప్పు."

"నీకు ఆ ఊరే నచ్చలేదన్నాడు. తను ఎంత తిప్పి చూపించినా మొహం తిప్పుకునేదానివట. అందుకే వచ్చేశావట."

"తిప్పి చూపించాడా? ఆ మాటే అన్నాడా?"

"అన్నాడు. ఏడుస్తున్నావేంటే?"

"ఏడుపా, నా మొహమా? రంగు ఘాటు. నీకు ఏ అడ్డూ లేదు, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లు. ఊరందరికీ ఊరు చూపించి ఇంటికొచ్చి చెప్పులు విప్పితే, నా కోసం ఒక్కనాడూ మళ్లీ వేసుకోలేదే ఆయన. ఆ బల్లా, ఆ బట్టల కొట్టూ, ఆ గుట్టా... అన్నీ నేనొక్కదాన్నే తిరిగినవి."