చూపుడువేలి మీటరు

పనిముట్ల కొట్లో కౌంటరుకి అటు దుకాణదారు, ఇటు చేతిసంచీని గుండెకి అదుముకుని నిలబడ్డ ఓ ఇంటి కోడలు.

“పట్టుకుంటే చెయ్యి కాలని సోల్డరింగ్ ఐరన్ ఉందాండీ?”

“బాగుందమ్మా! కాలకపోతే ఇక అతికేదేముంది? ఇంతకీ ఏం అతకాలి?”

“బొమ్మండీ. రైలింజను బొమ్మ. పొగగొట్టం ఊడింది.”

“ఇత్తడిదా?”

“కాదు, అదేదో... వైట్ మెటల్ అంటారు.”

“ఊళ్లో ఆ ఇంజన్లు చేసే మహానుభావుడు ఒక్కరే. మా గురువుగారి కోడలివా నువ్వు?”

“...అవునండీ.”

“ఆ మాట ముందే చెప్పొద్దూ! కూచో. ఏదీ, చూడనీ. అయ్యయ్యో, సగం మైనంలా కారిపోయిందే! ఎవరి నిర్వాకం?”

“నాదే. నాదేనండీ. దులుపుతుంటే ఊడింది. నేనే అతికేద్దామని...”

“ఇంట్లో ఉన్న పెద్ద ఐరన్ పెట్టేశావు. ఇది మహా సుకుమారం తల్లీ, కాస్త వేడెక్కువైతే వస్తువే కరిగిపోతుంది. ఇదిగో, తక్కువ వేడికే కరిగే సోల్డరు. అతుకు పట్టాలంటే ముందు ఈ ఫ్లక్సు పూయాలి. ఐరన్ పాతదే చాలు, సన్న మొన వేసుకో.”

“పాతది వద్దు. వేడెంతుందో అంకెల్లో చూపించేది కావాలి. మితిమీరితే దానంతటదే ఆగిపోవాలి. కూత పెట్టినా మంచిదే.”

“అది తీసుకెళ్తే మీ మామగారు నా మొహాన కొడతారు! ఆయనకి మీటర్లెందుకమ్మా? అతుకు పక్కనే ఎడమ చూపుడువేలు ఆనించి పట్టుకుంటారు. వేలు చురుక్కుమంటే ఐరన్ తీసేస్తారు. వేలు ఓర్చుకున్నంతసేపూ లోహమూ ఓర్చుకుంటుంది. నాకు నేర్పిందీ ఆయనే.”

“తెలుసండీ. అంకెలదే ఇవ్వండి.”

“తిడతారని భయమా? ఉండు, నేను ఫోన్ చేసి సర్దిచెప్తా.”

“వద్దు! ఫోన్ చెయ్యకండి. మీకు దణ్ణం పెడతా, నేనొచ్చానని ఆయనతో అనకండి.”

“సరే, అనను. పోనీ ఆయన్నే అతకమను. ఆ వేలుండగా నీకు దిగులేంటి...”

“ఆ వేలి మాట ఎత్తకండి!”

“ఏమైందమ్మా?”

“ఏం లేదు. తొందరగా ఇచ్చెయ్యండి, వెళ్లాలి. ఆయనొక్కరే ఉన్నారు ఇంట్లో.”

“నిజం చెప్పు. ఇది చేతకానివాళ్లు కరిగించినట్టు లేదు. ఐరన్ సరిగ్గా అతుకు మీదే పెట్టారు, కదలకుండా, చాలాసేపు...”

“నేను ముట్టుకోలేదండీ. ఆయనే అతికారు. షుగరు కదా... వేళ్లు మొద్దుబారుతున్నాయని అంటూనే ఉన్నారు, మేమే పట్టించుకోలేదు. పని మానెయ్యమంటే మంచం పడతారు, చెయ్యనిస్తే చెయ్యి పోగొట్టుకుంటారు. నాకు భయంగా ఉందండీ. వంటింట్లో ఉంటే ఏదో కాలిన వాసనొచ్చింది. పరిగెత్తా. గొట్టం కారిపోతోంది, వేలి చర్మం దానికి అంటుకుపోయింది. ఆయనేమో తాపీగా, ‘ఉండమ్మా, ఇంకా వేడెక్కలేదు’ అంటున్నారు.”