మిన్ తూకి సెలవు చీటీ

నడిసంద్రంలో థాయ్ వలల పడవ. పైగదిలో నిద్రపోతున్న సరంగు, పడవకి పెద్ద. చేపలు ఏరుతున్న బర్మా కూలీ థెట్ నైంగ్. పక్కనే నిలబడ్డ మేస్త్రీ చాలెమ్.

"చేతులు ఆపకు. ఏరుతూ చెప్పు. ఏంటా గొణుగుడు?"

"సంతకం, మేస్త్రీ. సరంగు చేత ఒక్క సంతకం పెట్టించండి."

"దేనికి?"

"మిన్ తూ సెలవు చీటీ మీద."

"మిన్ తూ పోయి ఆరు రోజులైందిరా! నీళ్ళల్లో కలిసిపోయినోడికి సెలవేంటి? మతి ఉందా?"

"మీరు థాయ్‌వాళ్ళు, మీకు తెలీదులెండి. మాలో అంతే. పనిలో ఉండగా మనిషి పోతే, పైఅధికారి 'నిన్ను వదిలేశాను, ఇంటికెళ్ళు' అని రాసివ్వాలి. లేకపోతే ప్రాణం అక్కడే కాపలా పడుంటుంది. మా తాత పోలీసు ఠాణాలో పనిచేస్తూ పోతే, అధికారి రాసిచ్చాకే శవాన్ని కదిపారు."

"బతికున్నోళ్ళనే వదలడు సరంగు. చచ్చినోడిని వదులుతాడా?"

"రేపు ఏడో రోజు, మేస్త్రీ. రేపు దాటితే లాభం లేదు. ఈ పడవ ముక్కలయ్యేదాకా వాడు దీన్నే పట్టుకుని వేలాడాలి. రెండేళ్ళు ఒడ్డు మొహం చూడలేదు వాడు. చచ్చాక కూడానా?"

"గొంతు తగ్గించు. లేస్తాడు."

"మోకు తెగి వాడు పడ్డప్పుడు పడవ ఆపమన్నాం. మీరు వద్దన్నారు."

"నేను అన్లేదు. సరంగు అన్నాడు."

"అరిచింది మీరేగా!"

"ఆయనన్నదే అరిచాను. అరవడమే నా పని... కానాగంత చేపలు ఆ బుట్టలో కాదు, ఈ బుట్టలో."

"పెట్టిస్తారా? లేదా?"

"చదివాడంటే ఇద్దర్నీ ఐసు గదిలోకి తోస్తాడు."

"మా రాత ఆయనకెక్కడొచ్చు? డీజిల్ కాయితాల మధ్యలో దూర్చండి. చూడకుండా గీకేస్తాడు."

"అన్నీ ఆలోచించే వచ్చావన్నమాట."

"ఆరు రోజులుగా ఇదే ఆలోచన."

"ఏదీ, కాయితం?"

"ఇదిగో. బియ్యం సంచి కాయితం చింపి రాశాను."

"ఊరేదీ? ఊరు వెయ్యకపోతే ఎటని పోతాడు? తండ్రి పేరు కూడా వెయ్యి. ఒకే పేరుతో పదిమంది ఉంటారు."

"... ఇవన్నీ మీకెలా తెలుసు?"

"పదకొండేళ్ళుగా మీవాళ్ళ మీద అరుస్తున్నాను. భాష వచ్చింది, ఇది రాదా? రాయి, రాయి."

"ఊరు... ముడోన్. తండ్రి... ఊ తాన్ షెయిన్. అయింది."

"అడుగున చోటుందా?"

"కొంచెం ఉంది. దేనికి?"

"ఇంకో పేరు వెయ్యి. క్యా స్వా. ఊరు దవే. తండ్రి ఊ బా న్యో."

"ఎవరతను?"

"వేస్తావా, వెయ్యవా?"

"వేస్తున్నా. మన పడవలోవాడేనా?"

"ఆఁ. మన పడవే."

"నేనెప్పుడూ వినలేదే! ఎప్పుడు పోయాడు?"

"ఇంకా పోలేదురా తమ్ముడూ. చాలెమ్ అనేది సరంగు పెట్టిన థాయ్ పేరు. నేను పోయిన రోజున నాకోసం సంతకం అడిగేవాడు ఎవడున్నాడు?"